ఊడ్పులు

మా ఆకివీడు వైపు
ఊడ్పు అంటే నాటడం.
ఊడటం అంటే రాలడం.
ఈ రెండు మాటల మధ్య సందులో
ముప్ఫై మూడేళ్ళ నా తల ఇరుక్కుంది.

మొదట కనిపెట్టింది సెలూన్ పోతురాజు.
కటింగ్ అయ్యాక
వెనక అద్దం పట్టి చూపించడం మానేశాడు.
అదో మర్యాద.

రొయ్యల చెరువు గట్టు మీద
రేకుల గదిలో కాపురం నాది.
రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతుంటే
టార్చి వేసి మేత ట్రేలు చూస్తాను.
గాలి తగ్గితే రొయ్య పైకి తేలుతుంది, తెలుసు.
తలలో ఏం తగ్గితే ఏం తేలుతుందో
నాకెవరు చెప్పాలి?

మందార నూనె, గుంటగలగరాకు పసరు,
ఉల్లిపాయ రసం
(వారం పాటు పిల్లి కూడా దగ్గరికి రాలేదు),
తర్వాత డ్రాపర్‌తో పూటకో మిల్లీలీటరు.
వస్తూనే అది చేసిన పని, ఉన్నవి రాల్చడం.
"మంచి లక్షణమేనయ్యా" అన్నాడు భీమవరం డాక్టరు.
గుండె మాత్రం
డీజిల్ తగ్గిన ఇంజనులా
ఆగి, ఎగిరి, ఆగి కొట్టుకునేది.

ఆ పైన మాత్ర.
రోజుకొకటి, కందిగింజంత.
రాలడం ఆపింది. అబద్ధమెందుకు, ఆపింది.
ఇంకోటి కూడా ఆపింది.

శేషారత్నం ఏమీ అనలేదు.
దోమతెరలో అటు తిరిగి పడుకుని
"కాలవకి నీళ్ళెప్పుడు వదుల్తారంట?" అని అడిగింది.
జూన్‌లో అన్నాను.
ఆ ప్రశ్నలో ఇంకేమన్నా ఉందేమోనని
నెలల తరబడి వెతుక్కున్నాను.

మాత్ర మానేశాను.
కాలవకి నీళ్ళొచ్చాయి.
జుట్టు ఆ కాలవనే పడి పోయింది.

చీటీ పాడితే లక్షా పదివేలు చేతికొచ్చింది.
రాజమండ్రిలో ఏసీ గది.
బోర్లా పడుకోబెట్టి
వెనక మడిలో నారు పీకారు.
వెల్లకిలా తిప్పి
ముందు మడిలో నాటారు.
డాక్టరు నుదుటి మీద గట్టు గీసి వెళ్ళిపోయాడు.
నాటింది ఒక అమ్మాయి.
మాస్కు పైన కళ్ళే కనపడతాయి.
"ఏ ఊరమ్మా?"
"పెనుగొండ పక్కన సిద్ధాంతమండి.
మా అమ్మ ఊడ్పులకెళ్తాది.
ఆవిడ చెయ్యే నాకొచ్చిందంటారు.
కుదురుకి రెండు, ఒక్కోసారి మూడు పెడతాను.
లోతుకెళ్తే కుళ్ళిపోద్ది,
పైపైన పెడితే తేలిపోద్ది."
ఎవరి గురించి చెబుతోందో,
వరి గురించో, నా గురించో.

తొమ్మిది గంటలు వంగే ఉంది.
నడుం నొప్పి రాదా అంటే
"అమ్మది బురదలోనండి, నాది ఏసీలో" అంది.
కూలి ఎంతిస్తారని అడిగాను.
వినపడనట్టు
పద్దెనిమిది వందల నలభై ఏడు అంది,
నలభై ఎనిమిది అంది.

మూడో వారం
నాటినవి నాటినట్టే రాలాయి.
తలగడ మీద ఏరుకుని
కాగితంలో పొట్లం కట్టి ఫోన్ చేశాను.
"రాలాలండి. వేరు లోపలే ఉంటాది" అంది అదే గొంతు.
వెనకాల ఎవరిదో తలకి లెక్క నడుస్తోంది.

మఖ కార్తె ముసురు.
పోతురాజు వెనక మిషన్ పెట్టి ఆగాడు.
తెల్ల చుక్కలు చూశాడు.
ఏమీ అడగలేదు,
ఎన్నేళ్ళకో వెనక అద్దం పట్టాడు.
నారు తీసేసిన మడి
ఎలా ఉంటుందో అప్పుడు చూశాను.
దారినపోయే వాళ్ళంతా
పచ్చటి చేల వైపే చూస్తారు,
ఆ మూల మడిలో
కొంగ కూడా వాలదు.

రాత్రి దోమతెరలో శేషారత్నం
నా నున్నటి గట్టు మీద అరచెయ్యి పెట్టి
"కోతలెప్పుడంట?" అంది.
ఏడాది పడుతుందంట అన్నాను.
చెయ్యి తియ్యలేదు.

బయట ఒక ఏరియేటరు చప్పుడు ఆగింది.
టార్చి ఎక్కడ పెట్టానో
చీకట్లో ఇద్దరం తడుముకుంటున్నాం.